కాంటాక్ట్ మైకు (తాళవాద్యాలలో)

వాద్యం ఒంటికి అంటించి, దాని అదురును నేరుగా విద్యుత్తుగా మార్చే చిన్న బిళ్ళను కాంటాక్ట్ మైకు అంటారు. కాంటాక్ట్ పికప్ అనే పేరు కూడా వాడుకలో ఉంది. మామూలు మైకు గాలిలో వచ్చే ఒత్తిడి మార్పులను పట్టుకుంటుంది. కాంటాక్ట్ మైకుకు గాలితో దాదాపు పని లేదు. తోలుకు అంటిస్తే తోలు కదలికను, కొయ్యకు అంటిస్తే కొయ్య కదలికను, మట్టికో ఇత్తడికో రాతికో అంటిస్తే వాటి కదలికను పట్టి ఇస్తుంది. అందుకే పలక అనే డప్పుకు ఈ బిళ్ళ అంటించి స్పీకరులో విన్నవారికి తెలిసిన పలక మోత పెద్దదై వినిపించదు, ఇంకో వాద్యం వినిపిస్తుంది. పుల్ల తోలు మీద జారిన గీకుడు, వేలు ఆనిన చప్పుడు, దెబ్బ అయిపోయాక చట్రంలో మిగిలిన సన్నని వణుకు ముందుకొస్తాయి. చెవికి అలవాటైన నిండు మోత వెనక్కి తగ్గుతుంది.

ఈ తేడానే సంగీతానికి ముడిసరుకుగా వాడుకోవడం 1960ల నుంచి ప్రయోగాత్మక సంగీతంలో స్థిరపడిన పద్ధతి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం పరిసరాల్లో మోగే వాద్యాలను ముందు పెట్టుకుని ఈ వ్యాసం ఆ పద్ధతిని వివరిస్తుంది. తెలుగు, తమిళం, కన్నడం ఒకదానినొకటి ఒరుసుకునే ఈ మూలలో గంగమ్మ జాతరకు పలకలు, పంబ, పెళ్ళికి డోలు, భారతం నాటకానికి మద్దెల, భజనకు తాళాలు మోగుతాయి. వీటిలో ఏ రెండింటి ఒళ్ళూ ఒకలా ఉండవు. వాద్యం ఒంటినే వినే సాధనం సంగతి తెలియాలంటే ఇంతకంటే అనువైన చోటు వెతకనక్కరలేదు.

బిళ్ళ, దాని పనితీరు

కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుదావేశం పుడుతుందని 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, ఆయన తమ్ముడు పియేర్ క్యూరీ కనిపెట్టారు. దీన్ని పీడన విద్యుత్తు అంటారు. బజారులో పీజో అంటే చాలు. గ్రామఫోను రోజుల్లో రోషెల్ లవణపు స్ఫటికాలు సూది కదలికను విద్యుత్తుగా మార్చేవి. 1950ల్లో సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన పింగాణీ పదార్థం వచ్చింది. అది గట్టిది, తేమకు లొంగనిది, తయారీకి చవక. ఇప్పుడు దొరికే బిళ్ళల్లో ఎక్కువ భాగం ఆ జాతివే: పల్చని ఇత్తడి చక్రం, దాని మీద తెల్లటి పింగాణీ పొర, ఆ పొర మీద వెండిపూత. అలారం గడియారంలో కీచుమనే బజరు, పాట పాడే గ్రీటింగు కార్డులోని బిళ్ళ ఇదే. ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో 27 మిల్లీమీటర్ల, 35 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నవి సాధారణంగా దొరుకుతాయి. విద్యుత్తు ఇస్తే వణుకుతుంది, వణికిస్తే విద్యుత్తు ఇస్తుంది. ఈ రెండో గుణం ఒక్కటే కాంటాక్ట్ మైకుకు ఆధారం.

మొదటిసారి దీన్ని వాడేవారు చాలామంది నిరుత్సాహపడేది ఒకే కారణానికి. బిళ్ళను తీసుకెళ్ళి మైకుసెట్టు వాళ్ళ మిక్సరులో గుచ్చుతారు. రేకు డబ్బా మీద గులకరాళ్ళు పడ్డట్టు, అడుగు స్వరం లేని చప్పుడు వస్తుంది. బిళ్ళలో తప్పేమీ లేదు. 27 మిల్లీమీటర్ల బిళ్ళ సుమారు 20 నానోఫారడ్ల కెపాసిటరులా ప్రవర్తిస్తుంది. దాన్ని 10 కిలో ఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే సుమారు 800 హెర్ట్జ్‌కు దిగువనున్న స్వరాలన్నీ క్రమంగా పలచబడిపోతాయి. 2 కిలో ఓమ్‌ల మైకు ఇన్‌పుట్‌కు కలిపితే ఆ హద్దు ఏకంగా 4,000 హెర్ట్జ్‌కు ఎక్కుతుంది. డోలు గంభీరత అంతా దానికి ఎంతో కిందనే ఉంటుంది కాబట్టి మిగిలేది పైపొట్టు. అదే బిళ్ళను 1 మెగా ఓమ్ ఇన్‌పుట్‌కు కలిపితే హద్దు 8 హెర్ట్జ్‌కు దిగుతుంది, అంటే మనిషి చెవికి వినిపించే అట్టడుగు కంటే కిందికి. గిటారు ఆంప్లిఫయరుకు కలిపితే బిళ్ళ బాగా పలకడానికి కారణం దాని ఇన్‌పుట్ సుమారు ఈ స్థాయిలో ఉండడమే. లేదంటే బిళ్ళకూ మిక్సరుకూ నడుమ ఒక ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టరుతో చేసిన చిన్న ప్రీఆంప్ పెట్టాలి. ఈ ఒక్క అమరికతో బిళ్ళ స్వభావమే మారిపోతుంది. ఇది చెప్పేవారు లేక ఎందరో బిళ్ళను పనికిరానిదని పక్కన పడేశారు.

మిగిలిన జాగ్రత్తలు చేతిపనికి సంబంధించినవి. సోల్డరింగు క్షణాల్లో ముగించాలి. వేడి ఎక్కువసేపు తగిలితే వెండిపూత లేచిపోతుంది, పింగాణీ తన గుణం కోల్పోతుంది. తీగ చుట్టూ అల్లిక కవచం ఉన్న కేబులే వాడాలి. లేకపోతే 50 హెర్ట్జ్‌ల కరెంటు రొద, జాతరలో అయితే జనరేటరు రొద కూడా, వాద్యంతో పాటు వచ్చి కూర్చుంటుంది. బిళ్ళ మీద నేరుగా దెబ్బ పడితే పదుల వోల్టుల కుదుపు పుట్టవచ్చు. ప్రీఆంప్ ఇన్‌పుట్ దగ్గర ఎదురెదురుగా రెండు డయోడ్లు పెట్టడం ఆ కుదుపు నుంచి కాపాడుకోవడానికే. ఏ వాద్యానికీ అంటించని 27 మిల్లీమీటర్ల బిళ్ళ సుమారు 4 కిలో హెర్ట్జ్ దగ్గర తనంతట తానే మోగుతుంది. పీజో శబ్దంలో అందరూ ఫిర్యాదు చేసే రేకు గొంతు కొంత ఇక్కడి నుంచి వస్తుంది. బిళ్ళను రబ్బరు పూతలో ముంచి, వాద్యానికి గట్టిగా అంటుకునేలా పెడితే ఆ గొంతు అణుగుతుంది. అంటించడానికి రెండువైపులా జిగురున్న టేపు, తేనెమైనం వాడతారు. మృదంగం ఒంటికైనా పాత పంబకైనా తేనెమైనమే మేలు. తీసినప్పుడు వాద్యానికి గాయం కాదు.

అంటించే చోటు

ఒకే వాద్యం మీద బిళ్ళను నాలుగు వేళ్ళ దూరం జరిపితే వేరే శబ్దం వస్తుంది. ఇది ఎందుకో అర్థం కావాలంటే తోలు ఎలా కదులుతుందో తెలియాలి. బిగించిన వట్టి తోలును కొడితే అది ఒక్క తీరున కదలదు. మొత్తంగా పైకీ కిందికీ ఊగుతుంది, అదే సమయంలో రెండు సగాలై ఒకటి పైకి మరొకటి కిందికి ఊగుతుంది, ఇంకా నాలుగు భాగాలై, వలయాలై ఊగుతుంది. ఈ ఊగుళ్ళ పౌనఃపున్యాలు 1, 1.59, 2.14, 2.30, 2.65 నిష్పత్తుల్లో ఉంటాయి. పూర్ణసంఖ్యలు కావు కాబట్టి పలకలో, తప్పెటలో మోత ఉంటుంది కానీ ఒక శ్రుతి నిలవదు.

మృదంగం ఈ నియమాన్ని దాటింది. కుడి మూత నడుమ అద్దిన కరణి, అంటే నల్లటి ముద్ద, తోలు బరువును నడుమన పెంచుతుంది. దానివల్ల ఊగుళ్ళు ఒకదానికొకటి దగ్గరై పూర్ణసంఖ్యల నిష్పత్తిలోకి వస్తాయి. ఈ సంగతిని సి.వి. రామన్, శివకాళి కుమార్ 1920లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. 1934లో రామన్ బెంగళూరు నుంచి రాసిన వ్యాసంలో తొమ్మిది రకాల ఊగుళ్ళు అయిదు స్వరాలుగా ఎలా కూడుకుంటాయో చూపించారు. మూత మీద సన్నని ఇసుక చల్లి, కదలని గీతల వెంట అది ఎలా పోగవుతుందో గమనించడం ఆయన పద్ధతి. ఆ లెక్కను సిద్ధాంతంగా నిలబెట్టిన 1954 నాటి పరిశోధన బి.ఎస్. రామకృష్ణ, మన్‌మోహన్ సోంధీలది. రామకృష్ణ తరవాత హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు.

రామన్ ఇసుకతో చూసినదాన్ని కాంటాక్ట్ మైకుతో వినవచ్చు. కదలని గీత మీద బిళ్ళ పెడితే ఆ ఊగుడు దాదాపు వినిపించదు, మిగిలినవి వినిపిస్తాయి. తోలు నడుమ పెడితే అడుగు స్వరం నిండుగా వస్తుంది, రెండు సగాలుగా ఊగే స్వరం మాయమవుతుంది. అంచుకు జరిపితే పై స్వరాలు లేస్తాయి. అయితే బిళ్ళకు కూడా బరువుంది. పెద్ద డోలుకు అది లెక్కలోకి రాదు కానీ కంజీర లాంటి చిన్న మూతకు బిళ్ళ అంటిస్తే శ్రుతి దిగి, మోత పొట్టిదైపోతుంది. కంజీర వాయించేవారు బిళ్ళను చట్రానికే అంటించడం అందుకే. మృదంగానికి కూడా వాయించే మూత మీద కాకుండా పనసకొయ్య ఒంటి మీద, మూతకు దగ్గరగా పెట్టడం మంచిది. కచేరీకి వాడాలంటే పక్కన మామూలు మైకు ఉండి తీరాలి. లోపలి గాలి మూలంగా వచ్చే గుమ్మనే మోత కాంటాక్ట్ మైకుకు అందదు.

పడమటి మండలాల వాద్యాలు

పలక: కోస్తా, తెలంగాణల్లో డప్పు అనేది ఇక్కడ పలక. కొయ్య చట్రానికి ఒకవైపే తోలు. కుడిచేతిలో లావు పుల్ల, ఎడమచేతిలో సన్న పుల్ల. దరువు మొదలుపెట్టే ముందు మంట దగ్గర కాచి తోలును బిగిస్తారు. ఇక్కడే కాంటాక్ట్ మైకుకు మొదటి చిక్కు. బిళ్ళ అంటించి ఉంచి కాస్తే మైనం కరుగుతుంది, కాచడం అయ్యాకే అంటించాలి. రెండో సంగతి చిక్కు కాదు, వరం. కాచిన తోలు చల్లారే కొద్దీ వదులవుతుంది, స్వరం దిగుతుంది. గాలిలో వినేవారికి ఆ దిగుడు దరువు ఊపులో తెలియదు. తోలు వెనక అంచుకు దగ్గరగా పెట్టిన బిళ్ళకు అది స్పష్టంగా తెలుస్తుంది. పావుగంట పాటు ఒకే దరువు కొట్టి ఆ చల్లారడాన్ని మాత్రమే వినిపించినా అదొక సంగీత రచన అవుతుంది. ప్లాస్టిక్ పొర బిగించిన పలకలకు మంట అక్కరలేదు, వానకు మెత్తబడవు. కానీ బిళ్ళకు అవి ఇచ్చేది తక్కువ. తోలులో చోటుచోటుకీ ఉండే మందం తేడా, నరాల గీతలు ప్లాస్టిక్‌లో లేవు.

పంబ: రెండు పొడవాటి డోళ్ళను ఒకదాని మీద ఒకటి కట్టి, నడుముకు తగిలించుకుని వాయించే జోడు వాద్యం. పంబలవారు గంగమ్మ కథ పాడేటప్పుడు ఇది ప్రాణం. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ, చౌడేపల్లె దగ్గర బోయకొండ గంగమ్మ, కుప్పంలో తిరుపతి గంగమ్మ కొలువైన ఈ నేల మీద పంబ మోత వినని ఊరు అరుదు. కాంటాక్ట్ మైకు దృష్టితో చూస్తే పంబలో అపురూపమైన విషయం రెంటినీ కలిపి కట్టిన కట్టు. పై డోలును కొడితే ఆ అదురు తాళ్ళ గుండా కింది డోలు ఒంట్లోకి దిగుతుంది. కింది డోలు ఒంటికి బిళ్ళ అంటించి పై డోలును మాత్రమే వాయిస్తే, ఒక డోలు మరొకదాని ఒంట్లోంచి వినిపిస్తుంది. గాలి మైకుతో ఇది ఎంత ప్రయత్నించినా సాధ్యం కాదు.

డోలు: నాదస్వరం పక్కన మోగే ఈ వాద్యం తమిళ సీమలో తవిల్. కుడి వేళ్ళకు గట్టి తొడుగులు, ఎడమచేతిలో కర్ర. ఒళ్ళు పనసకొయ్య. మూతలను లాగిపట్టే బిగువు ఎంత ఎక్కువంటే కొయ్య కూడా తోలుతో కలిసి పలుకుతుంది. బిళ్ళను కొయ్య నడుమ పెడితే తొడుగుల దెబ్బలు కత్తి అంచుల్లా, కర్ర దెబ్బలు దూరపు ఉరుముల్లా విడిపోయి వస్తాయి. ఉరుము అనగానే గుర్తుకు రావలసినది అనంతపురం వైపు ఉరుములు. ఆ వాద్యంలో ఒక మూతను కొట్టరు, వంగిన పుల్లతో రుద్దుతారు. రుద్దుడు శబ్దం అంటేనే తోలుకూ పుల్లకూ నడుమ క్షణక్షణం పట్టు, విడుపు. కాంటాక్ట్ మైకు ఆ పట్టువిడుపులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగేంత దగ్గరగా చూపిస్తుంది. తెలుగు నేల మీద ఈ సాధనానికి అన్నిటికంటే బాగా తగిన వాద్యం ఉరుమే.

ఘటం, గుమ్మెట: కుండ కొనేవారు వేలి కణుపుతో తట్టి చూస్తారు. ఖంగుమంటే తీసుకుంటారు, బొదబొదమంటే పక్కన పెడతారు. ఘటానికి కాంటాక్ట్ మైకు అంటించడం ఆ తట్టి చూడటాన్ని పెద్దది చేయడమే. ఘటంలో రెండు రకాల మోతలు కలిసి ఉన్నాయి. మట్టి గోడ అదురు ఒకటి, కడుపులోని గాలి మూతి గుండా ఊపిరి పీల్చి వదిలే ‘గుమ్’ అనే మోత మరొకటి. బిళ్ళకు మొదటిదే వినిపిస్తుంది. విద్వాంసుడు ఘటం మూతిని పొట్టకు ఆనించి, దూరం జరిపి తెచ్చే గమకం బిళ్ళకు దాదాపు చేరదు. బదులుగా గోరు గీత, చేతి ఉంగరం తగిలిన చోటు, మట్టి కాలినప్పుడు గోడలో మిగిలిన మందం తేడా చేరతాయి. పుంగనూరుకు పొరుగున ఉన్న పలమనేరు మట్టి పనికి పేరుపొందిన ఊరు. అక్కడి పూలకుండీ అయినా నీళ్ళకుండ అయినా ఈ బిళ్ళకు వాద్యమే. బుర్రకథలో వంతలు వాయించే గుమ్మెట మట్టి ఒంటికి తోలు మూత కట్టినది కాబట్టి అందులో రెండు బిళ్ళలు పెట్టి, మట్టిని ఒక స్పీకరుకూ తోలును ఇంకొక స్పీకరుకూ పంపవచ్చు.

తాళాలు, గజ్జెలు, చిడతల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. లోహం దానికదే చాలాసేపు మోగుతుంది, బిళ్ళ బరువు ఆ మోతను పొట్టిది చేస్తుంది. భజన తాళానికి బదులు గుడి గంటను వేలాడదీసిన ఇనుప కొక్కేనికి అంటిస్తే మంచి ఫలితం వస్తుంది.

ప్రపంచంలో సాగిన ప్రయోగాలు

అమెరికా స్వరకర్త జాన్ కేజ్ 1960లో చేసిన ‘కార్ట్రిడ్జ్ మ్యూజిక్’ ఈ దారిలో మొదటి మైలురాయి. గ్రామఫోను సూది ఉండే చోట పంటిపుల్లలు, తీగలు, ఈకలు గుచ్చి, వాటిని మీటి, రుద్ది వినిపించారు. బల్లలకు, కుర్చీలకు కాంటాక్ట్ మైకులు పెట్టారు. చెవి ఆనించినా వినపడనంత చిన్న శబ్దాలు హాలు నింపేంత పెద్దవి కావడం అప్పటి శ్రోతలకు కొత్త. 1964లో స్వరకర్త కార్ల్‌హైంజ్ స్టాక్‌హౌజెన్ ‘మిక్రోఫోనీ 1’లో ఒక పెద్ద కంచు జేగంటను ఇద్దరు రకరకాల వస్తువులతో రుద్ది కొడుతుంటే, ఇంకో ఇద్దరు మైకులు చేతబట్టి దాని ఒంటి మీదుగా కదిలించారు, మరో ఇద్దరు ఆ శబ్దాన్ని ఫిల్టర్లతో వడగట్టారు. అవి అంటించే మైకులు కావు. కానీ మైకును కూడా వాద్యంలా వాయించవచ్చన్న ఆలోచన తాళవాద్యాల్లో అక్కడే గట్టిపడింది.

మన విషయానికి సూటిగా సంబంధించినది మాక్స్ న్యూహౌస్ చేసిన పని. స్వయంగా తాళవాద్యకారుడైన న్యూహౌస్, కేజ్ రచన ‘ఫొంటానా మిక్స్’ను 1960ల నడుమ తనదైన తీరులో వినిపించాడు. పెద్ద స్పీకర్ల ఎదుట తాళవాద్యాలను నిలబెట్టి, వాటి మీద కాంటాక్ట్ మైకులను వదులుగా ఉంచాడు. స్పీకరు శబ్దం డోలును అదిరిస్తుంది, డోలు అదురు మైకులోకి పోతుంది, మైకు నుంచి మళ్ళీ స్పీకరుకు వస్తుంది. మైకుసెట్టు వాళ్ళు భయపడి గుబ్బ తిప్పి ఆపేసే ఫీడ్‌బ్యాక్ కూత ఇదే. ఇక్కడ ఆ కూతకు దారి డోలు గుండా పోతోంది కాబట్టి డోలు ఏ స్వరాలకు లొంగుతుందో ఆ స్వరాలే నిలుస్తాయి. మైకు తోలు మీద ఎగిరిపడి చోటు మారితే స్వరమూ మారుతుంది. ఎవరూ కొట్టకుండానే డోలు తన గొంతు తాను వినిపిస్తుంది. 1968లో కొలంబియా సంస్థ విడుదల చేసిన ఆయన ఎల్‌పీలో ఈ రచన ఉంది. ఇదే అమరికను పలకతోనూ మృదంగంతోనూ పక్కపక్కన చేస్తే రామన్ చెప్పిన తేడాను ఎవరైనా చెవులతో పట్టుకోగలరు. ఒకదాని కూతలు ఒకదానికొకటి పొసగనివి, రెండోదానివి ఒకే శ్రుతి మెట్లు.

స్వరకర్త డేవిడ్ ట్యూడర్ 1968లో మొదలుపెట్టి 1973లో విస్తరించిన ‘రెయిన్‌ఫారెస్ట్’ దీన్ని తిరగేసింది. పీపాలు, రేకులు, చెక్కలు వేలాడదీసి, శబ్దాన్ని అదురుగా మార్చే పరికరాలను వాటికి అంటించి, ఆ వస్తువులనే స్పీకర్లుగా చేశారు. వాటి పలుకును కాంటాక్ట్ మైకులతో తీసుకుని మళ్ళీ గదిలోకి వదిలారు. ఈ ట్యూడర్ 1969లో అహ్మదాబాదు వచ్చి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజరుతో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియోను నెలకొల్పారు. దాని వెనక ఉన్నవారిలో గీతా సారాభాయి ముఖ్యులు. ఆమె పఖావజ్ వాయించే తాళవాద్య విదుషి. 1946లో న్యూయార్కులో జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం పరిచయం చేసింది ఆమే. భారతదేశంలో ఎలక్ట్రానిక్ శబ్దప్రయోగాల మొదటి అధ్యాయం వెనక ఒక మృదంగ జాతి వాద్యం వాయించే చేతులున్నాయన్న సంగతి ఇంకా చాలామందికి తెలియదు, తెలియవలసినది.

ట్రిగ్గరు, ప్యాడ్

పీజో బిళ్ళకు రెండో ఉద్యోగం కూడా ఉంది. దెబ్బ పడిందా లేదా, పడితే ఎంత గట్టిగా పడింది అన్నదే దాని నుంచి తీసుకుని, అసలు శబ్దాన్ని వదిలేసి, ముందే దాచిపెట్టిన వేరే శబ్దాన్ని మోగించడం. దీన్ని ట్రిగ్గరు అంటారు. 1973లో మూగ్ సంస్థ తెచ్చిన డ్రమ్ కంట్రోలరు ఈ దారిలో తొలి సరుకుల్లో ఒకటి. 1985లో రోలాండ్ తెచ్చిన ఆక్టాప్యాడ్ దీన్ని ఇంటింటి మాట చేసింది. ఇవాళ మదనపల్లెలో పెళ్ళి ఆర్కెస్ట్రాలోనైనా కుప్పంలో వినాయక చవితి వేదిక మీదైనా ప్యాడ్ వాయించే కుర్రాడు లేకుండా పాట కదలదు. ఆ ప్యాడ్లలో చాలావాటి రబ్బరు కింద ఉన్నది ఈ బిళ్ళే.

అయితే ట్రిగ్గరు పనీ కాంటాక్ట్ మైకు పనీ పైకి ఒకేలా కనిపించినా ఒకదానికొకటి ఎదురు. ట్రిగ్గరు వాద్యం ఒంటిని మరిచిపోతుంది, కాంటాక్ట్ మైకు దానిని తప్ప వేరేదాన్ని పట్టించుకోదు. ప్యాడ్‌లోంచి వచ్చే పలక మోత ఎప్పుడు కొట్టినా అదే పలక. మంట దగ్గర కాచిన వేడి గానీ, మూడో జాములో వదులైన తోలు గానీ అందులో ఉండవు. ప్యాడ్ వాయించే చేతులు, తమ పరికరంలోని ఆ బిళ్ళనే బయటకు తీసి అసలు పలకకు అంటిస్తే ఎంత దూరం పోవచ్చో ఊహించడం కష్టం కాదు. లయ ఆ చేతుల్లో ముందే ఉంది.

జాతర రికార్డింగు

ప్రయోగం సంగతి పక్కన పెట్టినా ఈ ప్రాంతంలో కాంటాక్ట్ మైకుకు గట్టి ఉపయోగం ఒకటుంది. జాతర రాత్రి పంబను మామూలు మైకుతో రికార్డు చేస్తే జనం కేకలు, టపాసులు, పక్క వీధి మైకుసెట్టు అన్నీ కలిసి వస్తాయి. వాద్యానికి అంటించిన బిళ్ళకు అవి చాలా తక్కువగా చేరతాయి. నలుగురు పలకలవాళ్ళు కలిసి కొట్టే దరువులో ఎవరు ఏ దెబ్బ వేస్తున్నారో విడివిడిగా వినడానికి ఇంత చవకైన మార్గం ఇంకొకటి లేదు. ధర్మరాజుల గుడి దగ్గర పగలు హరికథ, రాత్రి వీధినాటకంగా సాగే భారతంలో, హార్మోనియం హోరు కింద మద్దెల ఏం చెబుతోందో కూడా అలాగే వినవచ్చు. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉంది. మూడు భాషల జానపదం దాని వాకిట్లోనే మోగుతోంది. నాలుగు బిళ్ళలు, ఒక నాలుగు దారుల రికార్డరుతో అక్కడి విద్యార్థి ఒక్క జాతర రాత్రిలో చేయగల పని, ముందు తరాల సేకర్తలకు అందనిది.

సంగీతాన్ని రాసి నిలుపుకోవడంలో మదనపల్లెకు ఒక చరిత్ర ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు ఇక్కడి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్, సంగీతంలో పట్టా పొందిన ఐరిష్ విదుషి, ఆ పాటకు స్వరలిపి కట్టారు. స్వరలిపిలో రాగం నిలుస్తుంది. దరువును కూడా తకధిమిగా రాయవచ్చు. తోలు పలికిన తీరును మాత్రం ఏ లిపీ పట్టలేదు. అది వాయించినవాడితో, వాద్యంతో పాటే పోతుంది. ఈ బిళ్ళ విలువ అక్కడ ఉంది.

దీనితో ముడిపడిన బాధ్యత కూడా చిన్నది కాదు. పలక మాదిగల చేతి వాద్యం. చావుకూ చాటింపుకూ వెట్టిగా కొట్టించుకున్న కాలం ఎంతో దూరం పోలేదు. అదే వాద్యం ఆత్మగౌరవ ఉద్యమాల్లో ముందు నడిచింది. పంబ అమ్మవారి కొలువుకు సంబంధించినది, దానికి పూజ ఉంటుంది. వాటి ఒంటికి బిళ్ళ అంటించే ముందు వాయించేవారి ఒప్పుదల కావాలి. ఆ శబ్దంతో చేసిన రచనలో వారి పేరు ఉండాలి, వచ్చిన డబ్బులో వారి వాటా ఉండాలి. తోలు గీకుడును ‘కొత్త శబ్దం’ అని పట్నంలో వినిపించి, పలక ఎవరిదో చెప్పకపోవడం దొంగతనమే. కంజీరకు వాడుతూ వచ్చిన ఉడుము తోలు విషయం వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉడుముకు రక్షణ ఇచ్చింది కాబట్టి మేకతోలు, కృత్రిమ పొరలే దారి. చట్రానికి బిళ్ళ పెట్టేవారికి ఆ మార్పు వల్ల పెద్ద నష్టమేమీ లేదు.

వాద్యం కాని వాద్యాలు

కాంటాక్ట్ మైకు చేతికి వచ్చినవారు ఎంతో కాలం వాద్యాల దగ్గరే ఆగరు. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె పట్టుమగ్గాల చోటు. నాడె పరుగు, పన్నె దెబ్బ, కాలి కింద తొక్కుడు కర్రల కదలిక కలిసి మగ్గానికి ఒక దరువు ఉంటుంది. ఆ దరువును గదిలో విన్నదానికీ, మగ్గం నిలువు కొయ్యకు బిళ్ళ అంటించి విన్నదానికీ చాలా తేడా. రెండోదానిలో దారాల బిగువు కూడా పలుకుతుంది.

కుప్పం వైపు అలాంటిది రాయి. రాయిని మోగించడం కొత్త సంగతి కాదు. బళ్ళారి దగ్గర కుప్గల్ కొండ మీద కొత్త రాతియుగపు మనుషులు బండల మీద బొమ్మలు చెక్కారు. అక్కడి కొన్ని బండలను రాతితో కొడితే గంటల్లా మోగుతాయి, కొట్టి కొట్టి పడిన గుంతలు వాటి మీద ఇప్పటికీ ఉన్నాయి. అవి డోలరైట్ అనే నల్లరాతి బండలు. చిత్తూరు సీమలో నల్ల గ్రానైట్ పేరుతో తవ్వి పాలిష్ పట్టే రాయి కూడా ఎక్కువగా ఆ జాతిదే. క్వారీలో పనివాళ్ళు దిమ్మెను సుత్తితో తట్టి, మోత నిండుగా ఉందా, లోపల పగులు వల్ల చితికినట్టు ఉందా అని చెవితోనే తేలుస్తారు. కోతలో మిగిలిన పొడవాటి రాతిపట్టీని రెండు తాళ్ళ మీద, కొసల నుంచి నాలుగో వంతు కంటే కాస్త తక్కువ దూరంలో ఆనేలా వేలాడదీస్తే అది ఎక్కువసేపు మోగుతుంది. ఆ రెండు చోట్లా రాయి దాదాపు కదలదు. బిళ్ళను కొసకు అంటించాలి. ఊగుడు అక్కడే ఎక్కువ. సుత్తి బదులు చెక్క పుల్లతో కొట్టాలి.